సాలీడు కుడితే విరుగుడు ఇంజెక్షన్ వేయాల్సిందేనా?

వేళచ్చేరి కోడలు:
మొన్న రాత్రి మా అత్తమ్మని సాలీడు కుట్టింది. నెల్లూరు నుంచి వచ్చి వారం కూడా కాలేదు. మేడ మీద ఆరిన దుప్పటి తెచ్చి మడత పెడుతుంటే మోచేతి దగ్గర చురుక్కుమందట. దులిపితే, కాళ్లతో కలిపి నా అరచేయంత ఉన్న సాలీడు పడింది. మా ఆయన దాన్ని చంపి అగ్గిపెట్టెలో వేసి ఆసుపత్రికి పట్టుకొచ్చారు. అక్కడ టీటీ వేసి, నొప్పి మాత్ర ఇచ్చి, కొన్ని గంటలు చూసి పంపేశారు. విషానికి విరుగుడు వేయరా అంటే అక్కర్లేదన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. వాళ్లు చేసింది సరైనదేనా?

పెరంబూరు శీను:
సరైనది కాదక్కా. మన చెన్నై దగ్గరే, మహాబలిపురం రోడ్డులో వడనెమ్మేలిలో, పాములు పట్టే ఇరుళర్ తెగవాళ్లకి 1978లో పెట్టిన సహకార సంఘం పాముల విషం తీసి మందు తయారుచేసేవాళ్లకి ఇస్తోంది. పాముకి చేయగలిగినవాళ్లం సాలీడుకి ఎందుకు చేయలేం? ఆస్ట్రేలియాలో ఫన్నెల్ వెబ్ సాలీడుకి 1981లో విరుగుడు తెచ్చారు. ఆ తర్వాత దాని కాటుతో చావు నమోదు కాలేదు. ఇక్కడ అది లేకపోతే కనీసం పాము మందైనా వేయమని గట్టిగా పట్టుబట్టాల్సింది.

నైట్ డ్యూటీ నర్సు:
శీను గారూ, ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. మన దగ్గర దొరికే పాము మందు నాలుగు పాములకే: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి. సాలీడు విషం మీద అది పనిచేయదు. అది గుర్రాల రక్తం నుంచి చేసే మందు. ఒక్కోసారి ఎక్కించిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోతుంది. అందుకే ఆ రియాక్షన్‌ని ఆపే అడ్రినలిన్ మందు సిరంజిలో నింపి పక్కన పెట్టుకునే మొదలుపెడతాం. లాభం లేని చోట ఆ ప్రమాదం ఎందుకు?

ఫన్నెల్ వెబ్ సంగతి నిజమే, కానీ ఆ సాలీడు మన దగ్గర లేదు. అదే ఆస్ట్రేలియాలో రెడ్‌బ్యాక్ సాలీడుకి 1956 నుంచి విరుగుడు ఉంది. 2014లో 224 మందితో జరిగిన అధ్యయనం ఫలితం వచ్చింది. అందరికీ నొప్పి మందులిచ్చి, సగం మందికి విరుగుడు, మిగతావాళ్లకి ఉత్త సెలైన్ ఎక్కించారు. రెండు గంటల తర్వాత నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అక్కా, మీ వాళ్లు సాలీడుని కళ్లారా చూశారు, చేతికి కూడా తెచ్చారు. అది చాలా మంచి పని. నా భయమంతా చూడనివాళ్ల గురించే. ఒకసారి తెల్లవారుజామున, బిల్డింగ్ పనికి వచ్చిన శ్రీకాకుళం కుర్రాడిని తీసుకొచ్చారు. షెడ్డులో నేల మీద పడుకున్నాడట. "సాలీడేదో కుట్టింది సిస్టర్, కడుపు నొప్పిగా ఉంది" అన్నాడు. చేతి మీద గాటు కూడా సరిగ్గా కనపడలేదు. నాతో మాట్లాడుతూ గడ్డం పైకెత్తి చూస్తున్నాడు. ఎందుకా అని దగ్గరికెళ్తే, కనురెప్పలు లేవడం లేదు. కట్లపాము! అది కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు. రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి ఆడదు. వెంటిలేటర్ మీద పెట్టారు, బతికాడు. సాలీడేలే అని ఆ షెడ్డులోనే పడుకుని ఉంటే?

ఏం కుట్టిందో తెలియకపోతే 24 గంటలు ఆసుపత్రిలోనే ఉండమంటాం. పింజరి అనుమానం ఉంటే కాస్త రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా లేదా చూస్తాం. "ఇంజెక్షన్ వేయండి" అని పోట్లాడే బదులు "పాము కాదని తేల్చారా?" అని అడగండి.

ఆవడి మాస్టారు:
నర్సమ్మ చెప్పినదానికి ఇంకో మాట. కుట్టని సాలీడు మీద కూడా నింద వేస్తాం. అక్టోబరు వానల్లో మా వాడి మెడ మీద గీత గీసినట్టు ఎర్రగా కాలి, మర్నాటికి బొబ్బలొచ్చాయి. సాలీడు పాకిందని మా ఆవిడ పసరు రాయబోయింది. డాక్టరు చూసి, ట్యూబ్‌లైట్ వెలుగుకి వచ్చే పెడెరస్ అనే చిన్న పురుగు నలిగితే అలా అవుతుందన్నారు. సబ్బుతో కడిగేస్తే సరిపోయేదట. అమెరికాలో కాన్సస్‌లో ఒక ఇంట్లో ఆరు నెలల్లో బ్రౌన్ రెక్లూజ్ అనే విషపు సాలీళ్లు 2,055 పట్టారు, ఆ ఇంట్లో ఒక్కరినీ కుట్టలేదు.

పెరంబూరు శీను:
పాము మందు గురించి నా మాట తప్పు, ఒప్పుకుంటున్నాను. మిగతాది మాత్రం ఒప్పుకోను. బ్లాక్ విడో జాతి సాలీళ్లు మన దేశంలోనూ ఉన్నాయి. మన గుత్తి పేరుతోనే ప్రపంచమంతా పిలిచే నీలి టరాంటులా ఉంది. ఆ టరాంటులా జాతివి కుడితే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెడతాయి. కాటు అరుదని ఊరుకుంటే, ఆ అరుదైనవాడి గతేంటి? పెద్దాసుపత్రిలో ఒక్కచోటైనా మందు ఉంచాలి.

నైట్ డ్యూటీ నర్సు:
టరాంటులా కుట్టి కండరాలు పట్టేస్తే, వాటిని సడలించే మందులు, నొప్పి మందులు ఉన్నాయండి, అవి ఇస్తాం. మీరడిగే మందు కన్నా ముందు, ఆ అగ్గిపెట్టెలోది ఏ జాతో చెప్పగల మనిషి క్యాజువాలిటీకి అందుబాటులో ఉండాలి. ఆ లోటు నాకు రోజూ తెలుస్తోంది.

అక్కా, కుట్టిన చోట కోయొద్దు, తాడు కట్టొద్దు. సబ్బుతో కడిగి, గుడ్డలో ఐసు చుట్టి పెట్టండి. నల్లబడినా, ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే తీసుకెళ్లండి.

వేళచ్చేరి కోడలు:
ఎరుపు ఎంతవరకు ఉందో పెన్నుతో చుట్టూ గీత గీశాను. పొద్దుటికి గీత దాటలేదు, వాపు కొంచెం తగ్గింది. అత్తమ్మ చాప మీదే పడుకుంటానన్నారు, ఒప్పుకోలేదు. మంచం వేశాను, దోమతెర అంచులు పరుపు కిందకి దోపాను. అగ్గిపెట్టె ఫ్రిజ్‌లో ఉంది, రేపు డాక్టరుకి చూపిస్తాం.