బండి పార్టులను పెట్రోలుతో కడగడం పూర్తిగా మానేయాలా, జాగ్రత్త పడితే చాలా?

ఐటీఐ బోధకుడు, నల్గొండ:

మోటారు మెకానిక్ ట్రేడు పూర్తిచేసి షెడ్లలో చేరే మా పిల్లలకు అక్కడ మొదట అప్పగించే పని, ట్రేలో పెట్రోలు పోసుకొని గ్రీజు పట్టిన పార్టులను బ్రష్షుతో రుద్ది కడగడం. తరగతిలో మేము వద్దని చెప్పిన పనే షెడ్డులో తొలి పాఠమవుతోంది. దీన్ని జాగ్రత్తగా చేయమని చెప్పడం సరిపోదని, పూర్తిగా మాన్పించాలని నా అభిప్రాయం.

ఒక ద్రవం నుంచి అంటుకోగలిగినంత ఆవిరి లేచే కనిష్ఠ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకు అది సున్నాకు దిగువన సుమారు 40 డిగ్రీలు. అంటే మన ఊళ్లలో ఎంత చలి రోజైనా, ఏ వేళనైనా ట్రేలోని పెట్రోలు అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువైనది కాబట్టి పైకి పోకుండా నేలబారున పాకి, సర్వీసు గుంతలోకి, మురుగుకాల్వలోకి, పక్క షెడ్డు గుమ్మంలోకి చేరుతుంది. గాలిలో దాని వాటా సుమారు 1.4 శాతానికి చేరిందంటే ఒక్క రవ్వ చాలు. ట్రే దగ్గర బీడీ కాల్చకపోవడమే జాగ్రత్త అనుకుంటే, అవతల గ్రైండరు పట్టిన మనిషి చేతిలో ఉన్న రవ్వ మాటేమిటి? మంట ఆవిరి వెంబడే వెనక్కి వచ్చి ట్రేను అందుకుంటుంది.

బైకు మెకానిక్, వరంగల్:

మాస్టారూ, మీరు చెప్పిన శాస్త్రాన్ని నేను కాదనడం లేదు. అయితే మానేయమని చెప్పేవారు దాని బదులు ఏమి వాడాలో కూడా చెప్పాలి. రేషన్ కార్డు మీద కిరోసిన్ రావడం ఆగిపోయిన తరువాత అది బయట దొరకడమే కష్టంగా ఉంది, దొరికినా ధర ఎక్కువ. డీజిలుతో కడిగితే పార్టు మీద నూనె పొర మిగిలిపోతుంది. చైనుకు అది నష్టం చేయకపోవచ్చు గాని, బ్రేకు షూలకు ఆ పొర అంటితే బండి ఆగదు, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటరులోని జెట్టు సన్నని రంధ్రం కూడా శుభ్రపడదు. పెట్రోలు ఇట్టే ఆరిపోతుంది, ఎదురుగా నిలబడిన కస్టమరుకు బండి వెంటనే అప్పగించగలుగుతాము.

నా షెడ్డులో ఆ పని బయట చెట్టు కిందనే జరుగుతుంది. ఒక గిన్నెడుకు మించి పోయము, పని కాగానే మూత పెడతాము, ఇంజను చల్లారేదాకా ముట్టుకోము. ప్రమాదం పెట్రోలులో కంటే నిర్లక్ష్యంలోనే ఎక్కువగా ఉందన్నది నా వాదన. మరొక మాట కూడా అడుగుతాను: ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద కిరోసిన్ మాత్రం నిజంగా క్షేమమేనా?

కార్ల షెడ్డు యజమాని, విజయవాడ ఆటోనగర్:

మా దగ్గర నీటిలో కలిపి వాడే డిగ్రీజరు, అంటే గ్రీజు వదిలించే మందు, నడుస్తోంది కాబట్టి దాని మంచిచెడ్డలు రెండూ చెబుతాను. గోరువెచ్చని ద్రావణంలో పార్టును కాసేపు నాననిస్తే గ్రీజు వదులుతుంది. పెట్రోలు మాదిరిగా గాలిలో కలిసిపోదు, కాబట్టి ఒకసారి కలిపినది చాలా రోజులు పనికివస్తుంది. అయితే కడిగిన వెంటనే కంప్రెసరు గాలితో ఆరబెట్టి నూనె రాయకపోతే బేరింగులు తుప్పు పడతాయి. తొందరగా ముగించాల్సిన పనికి ఇది కుదరదు.

స్ప్రే డబ్బాల గురించి కూడా హెచ్చరించాలి. కార్బురేటరు క్లీనరును పెట్రోలుకు బదులు వాడుతూ తాము క్షేమంగా ఉన్నామని చాలామంది అనుకుంటున్నారు, కాని మండే గుణంలో అది పెట్రోలుకు ఏమాత్రం తీసిపోదు. మండని రకం బ్రేకు క్లీనర్లు కొన్నింటిలో క్లోరిన్ ద్రావకాలు ఉంటాయి. వాటితో తడిసిన లోహం మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు.

ఐటీఐ బోధకుడు, నల్గొండ:

వరంగల్ సోదరుడు అడిగినది చాలా మంచి ప్రశ్న. కిరోసిన్‌కు మన దేశ ప్రమాణాల ప్రకారం ఉండాల్సిన ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు, డీజిలుకు కూడా ప్రమాణం అడిగే కనీస విలువ అంతే. రామగుండం, ఖమ్మం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి, రేకుల కింద వేడి ఇంకా ఎక్కువ. కాబట్టి ఆ మధ్యాహ్నాల్లో కిరోసిన్ ట్రేను కూడా పెట్రోలు ట్రేను చూసినట్టే చూడాలి. మిగతా రోజుల్లో, ముఖ్యంగా నీడలో, తేడా చాలా ఉంటుంది. డీజిలునైనా కంప్రెసరు గన్నుతో తుంపరలుగా కొడితే ఫ్లాష్ పాయింట్ లెక్క పనిచేయదు, ఆ తుంపర చల్లగా ఉన్నప్పుడు కూడా అంటుకోగలదు.

ఇక జాగ్రత్త విషయం. బయట, చెట్టు కింద, గిన్నెడు పెట్రోలుతో చేసే పని షెడ్డు లోపల చేసేదాని కంటే మేలన్నది నిజమే, దాన్ని ఒప్పుకుంటాను. కాని వర్షం పడిన రోజున ఆ పని ఎక్కడ జరుగుతుంది? కారు కింద పడుకున్న కుర్రవాడు వెలుతురు కోసం పక్కన పెట్టుకున్న హ్యాండ్ ల్యాంపును గమనించండి. పాతరకం బల్బు ఉన్న ల్యాంపు చేతిలోంచి జారి, పెట్రోలుతో తడిసిన నేల మీద పగిలితే లోపల ఎర్రగా కాలుతున్న తీగ ఆవిరికి నేరుగా తగులుతుంది. అక్కడ ఎవరూ బీడీ వెలిగించలేదు, ఎవరూ నిర్లక్ష్యంగా లేరు. ఎల్ఈడీ ల్యాంపు వాడితే ఆ ఒక్క కారణం పోతుంది. బ్యాటరీ నెగెటివ్ తీగను ముందుగా విప్పితే మరొకటి పోతుంది. అయినా ఫ్యాను స్విచ్చి, కంప్రెసరు మోటారు మిగిలే ఉంటాయి. మనిషి జాగ్రత్తకు అందని చోట్ల నిప్పు ఇన్ని రకాలుగా పొంచి ఉన్నప్పుడు, తీసివేయగలిగినది పెట్రోలు ట్రే ఒక్కటే.

నిల్వ విషయంలో చట్టం కూడా స్పష్టంగా ఉంది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా 30 లీటర్ల వరకే ఉంచుకోవచ్చు, అదీ గట్టి మూత ఉన్న గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రల్లోనే. మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు పోసి అల్మరాలో పెట్టే అలవాటును ఏ షెడ్డూ సమర్థించుకోలేదు.

అగ్నిమాపక శాఖ విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం:

రెండు పక్షాలవారూ అంటుకోకుండా చూడడం గురించే రాస్తున్నారు. అంటుకున్న తరువాత మనిషి చేసే మొదటి పని మీదే ప్రాణం ఆధారపడుతుంది. ట్రే అంటుకోగానే చాలామంది దాన్ని రెండు చేతులతో ఎత్తి బయటికి పరుగెత్తబోతారు. రెండడుగులు వేసేలోపే సెగకు చేతులు వదిలేస్తాయి, మండుతున్న పెట్రోలు తొడల మీద, పాదాల మీద పడుతుంది. షెడ్డును కాపాడాలన్న తపనతోనే ఆ పని చేస్తారు, కాని కాలిన గాయాల్లో ఎంతో ఘోరమైనవి అలాగే తగులుతాయి. ట్రేను కదపకూడదు. దాని మీద సరిపోయే రేకు మూతను పక్కనుంచి జరుపుతూ కప్పితే గాలి అందక మంట ఆగుతుంది. అందుకే ఏ ద్రవంతో కడిగినా ట్రే పక్కన మూత తప్పక ఉండాలి.

నీళ్లు పోస్తే పెట్రోలు పైకి తేలి మంటను మరింత దూరం తీసుకుపోతుంది. పొడి ఇసుక, మంటలార్పే ఏబీసీ పౌడరు సిలిండరు ఉపయోగపడతాయి. సిలిండరును పెట్రోలు డబ్బాల పక్కన తగిలిస్తే మంట దాటి వెళ్లి తెచ్చుకోవాల్సి వస్తుంది, కాబట్టి దాని చోటు గుమ్మం దగ్గర. సిలిండరు మీద ఒత్తిడి చూపే ముల్లు ఆకుపచ్చ గడిలో ఉందో లేదో నెలకొకసారైనా చూడాలి. చొక్కా, ప్యాంటు పెట్రోలుతో తడిస్తే ఆ బట్టలతోనే టీ కాచే స్టవ్ దగ్గరికి వెళ్లకుండా ముందు వాటిని మార్చుకోవాలి. మంట మన చేతికి అందదని తోస్తే అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయాలి.

బైకు మెకానిక్, వరంగల్:

మూత విషయం ఈరోజే అమలు చేస్తాను. చైను, ఫోర్కు, ఇంజను పైభాగం డిగ్రీజరుతో కడగవచ్చని ఒప్పుకుంటున్నాను. కార్బురేటరు విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు, పాత బండి వచ్చినప్పుడు గిన్నెడు పెట్రోలు బయట వాడతాను. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణం బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, అంటే కార్బురేటరు లేకుండా పంపు ఒత్తిడితో పెట్రోలు చిమ్మేవే, కాబట్టి ఆ అవసరం కూడా ఏటేటా తగ్గుతోంది. అయితే వాటి పెట్రోలు పైపు విప్పినప్పుడల్లా చిమ్ముతోంది, దానికేమి చేయాలి? అల్యూమినియం పార్టులకు ఏ డిగ్రీజరైనా వాడవచ్చా?

ఐటీఐ బోధకుడు, నల్గొండ:

ఇంజెక్షన్ బండిలో పంపు ఆగిన తరువాత కూడా పైపులో ఒత్తిడి నిలిచి ఉంటుంది. ముందుగా పంపు ఫ్యూజు లేదా దాని వైర్లను కలిపే కప్లరు తీసి, ఇంజను స్టార్టు చేసి, దానంతట అది ఆగిపోయేదాకా నడవనివ్వండి. ఇంజను బాగా చల్లారిన తరువాత బ్యాటరీ నెగెటివ్ విప్పి, జాయింటు చుట్టూ గుడ్డ చుట్టి నెమ్మదిగా వదులు చేయండి, మిగిలిన నాలుగు చుక్కలు గుడ్డలోకే పోతాయి. ఆ గుడ్డను మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి. అల్యూమినియానికి కాస్టిక్ సోడా కలిసిన ద్రావణం ఎంతమాత్రం వద్దు, అది లోహాన్ని తినేయడమే కాక మండే హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. డబ్బా మీద అల్యూమినియానికి పనికివస్తుందని రాసి ఉన్న రకమే తీసుకోండి.