సమస్యాపూరణం: పదమూడు కొట్టిన గడియారం

ఈ వారం సమస్య, తేటగీతిలో (చివరి పాదం ఇది, పై మూడూ మీరు అల్లాలి):

కొట్టె పదుమూడు గంటలు గోడ గంట

షరతు ఒక్కటే. పేరున్న నవల మొదటి వాక్యం ఏదైనా పద్యంలో తొంగిచూడాలి. సమస్యకు మూలం 1949లో వచ్చిన ఆర్వెల్ నవల '1984'. ఎండా చలీ కలిసిన ఏప్రిల్ రోజున గడియారాలు పదమూడు కొడుతుండగా అది మొదలవుతుంది.

లెక్కల మాస్టారు:

వెలుగు చలి గల్గు నేప్రిలు వేళ యందు
గోడ గోడకు పెద్దన్న గుడ్ల చూపు
తలపు నైనను దాచగా తావు లేదు
కొట్టె పదుమూడు గంటలు గోడ గంట

విమర్శ: 'గోడ గోడకు పెద్దన్న' (ఆ నవల్లో అందరి మీదా కన్నేసి ఉంచే నియంత, బిగ్ బ్రదర్) దగ్గర నిజంగా భయమేసింది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. మూలంలో ఉన్నది గడియారాలు, బహువచనం. ఒక్కటి పదమూడు కొడితే రిపేరుకిస్తాం. ఊళ్లో అన్నీ కొడితే చెడింది గడియారం కాదు. ఈ తప్పు మాస్టారిది కాదు, సమస్య ఇచ్చిన నాది. యతి కుదిరిందని ఏకవచనంతో సరిపెట్టేశాను.

రైల్వే తమ్ముడు:

రైలు టైములో నొకటిని రాయరయ్య
ఒంటి గంటను పదుమూడు నంటి రంట
దాని కలవాటు పడ్డ మా తాత యింట
కొట్టె పదుమూడు గంటలు గోడ గంట

విమర్శ: నవ్వించావు తమ్ముడూ, కానీ నవల ఏదీ? 'పదుమూడు నంటి'లో ఆ నకారం ఎక్కడిది? సంధి చేస్తే 'పదుమూడంటి' అవుతుంది, గణం చెడుతుంది. 'పదుమూడె యంటి రంట' అను, ప్రాసయతి (ఒంటి, యంటి అని రెండో అక్షరం కలవడం) కూడా నిలుస్తుంది. ఇంకోటి, అలవాటు పడింది తాత కదా, గడియారానికేమైంది?

కాకినాడ అక్కయ్య:

అమ్మ పోయిన దినమేదొ యరయ నైతి
నేడొ నిన్నయొ తెలియదు నిజము నాకు
గోడ పండ్రెండు, నా గుండె కొట్టె నొకటి
కొట్టె పదుమూడు గంటలు గోడ గంట

విమర్శ: 1942 నాటి కామూ నవల 'ది స్ట్రేంజర్'! అమ్మ పోయింది ఇవాళో నిన్నో తెలియదంటూ మొదలయ్యేది. పన్నెండుకి ఒకటి కలిపి పదమూడు చేసిన తీరుకి దణ్ణం. పదమూడూ గోడ గంట ఖాతాలో వేయడం కాస్త సాగదీతే, పోనివ్వండి. నా పేచీ వేరే. ఆ కథకుడు తల్లి శవం పక్కన కాఫీ తాగి సిగరెట్ కాల్చినవాడు. కోర్టులో అతని మీదకొచ్చిందే అది, ఏడవలేదని. అలాంటివాడికి మీరు గుండె పెట్టారు. పూరణ నిలిచింది, నవల జారిపోయింది.

అక్కయ్య: జారిపోలేదండీ. ఆ గుండె అతనిది కాదు, చదివిన నాది.