బీ350 మదర్‌బోర్డు ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చాలా, మొత్తం మార్చాలా?

తెనాలి ఫొటోస్:
నాది పెళ్లి ఆల్బమ్‌లు, వీడియోల పని. 2018లో కట్టించిన సిస్టమ్: రైజెన్ 5 1600, బీ350 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 జాబితాలో 1600 లేదు. బోర్డు ఉంచి రైజెన్ 5 5600 వేసుకోమని ఒకరు, మొత్తం మార్చేయమని ఒకరు చెబుతున్నారు. ఏది చేయను?

పాత సాకెట్:
5600 వేసేయండి. 2017లో ఏఎమ్‌డీ మొదటి రైజెన్ వచ్చిన ఏఎం4 సాకెట్‌లోనే (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) 2020 నాటి 5000 సిరీస్ కూడా కూర్చుంటుంది. అదే 2017లో ఇంటెల్ ఏం చేసింది? సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151, పిన్నులూ అన్నే, అయినా 8వ తరానికి తన కొత్త 300 సిరీస్ బోర్డు కొనిపించింది. మీకు ర్యామ్, కార్డు, ఎస్‌ఎంపీఎస్ అన్నీ మిగులుతాయి.

సర్వీస్ బెంచ్:
కూర్చుంటే సరిపోదు, బూట్ అవ్వాలి. 2020 మేలో ఏఎమ్‌డీ 400 సిరీస్ బోర్డులకే 5000 రాదని చెప్పింది. జనం గొడవ చేశాక దిగివచ్చింది. ఈయన బీ350 ఉన్న ఏఎమ్‌డీ 300 సిరీస్‌కు అధికారికంగా ఒప్పుకున్నది 2022లో. అదీ బోర్డు కంపెనీ కొత్త బయోస్ (బోర్డును బూట్ చేసే ప్రోగ్రామ్) ఇస్తేనే.

పాత సాకెట్:
చివరికి ఇచ్చారా లేదా?

సర్వీస్ బెంచ్:
2022 దాకా ఎందుకు ఆపారు? దానికి జవాబు చెప్పండి ముందు.

పాత సాకెట్:
చాలా బోర్డుల్లో బయోస్ చిప్ 16 ఎంబీ. ఏఎం4లో వచ్చిన అన్ని తరాల ప్రాసెసర్ల కోడ్ అందులో పట్టదు. కొత్తవి చేర్చాలంటే పాతవాటిలో కొన్నింటిని తీసేయాలి.

సర్వీస్ బెంచ్:
ఆ సంగతి 2017లో బోర్డు అమ్మేటప్పుడు తెలియదా?

ఎడిటింగ్ టేబుల్:
తెనాలి గారూ, మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో తీస్తుంది? హెచ్‌ఈవీసీ 4:2:2 10 బిట్ (రంగుల సమాచారం ఎక్కువుండే వీడియో రకం) అయితే 5600 వేసినా టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది. ఆ ఫైళ్లను 1050 టీఐ డీకోడ్ చేయలేదు, 5600లో గ్రాఫిక్స్ అసలు ఉండదు. ఇంటెల్ ఐ5 12400 గ్రాఫిక్స్‌లోని క్విక్ సింక్ (వీడియో డీకోడ్ చేసే భాగం) ఆ పని చేస్తుంది. పేరు చివర ఎఫ్ ఉన్నది మాత్రం తీసుకోకండి, దాంట్లో గ్రాఫిక్స్ లేదు. డీడీఆర్4 బోర్డు అడిగి కొంటే మీ ర్యామే వాడుకోవచ్చు.

పాత సాకెట్:
ఆ 12400 కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్ కథ 14వ తరంతో అయిపోయింది. 2024లో 1851 వచ్చేసింది. ఆగిపోయిన సాకెట్ మీద కొత్తగా డబ్బు పెట్టమంటారా?

నెల్లూరు పీసీ:
ఏఎం4 తర్వాతి సాకెట్ ఏఎం5కి వెళ్లండి, గొడవ వదిలిపోతుంది.

సర్వీస్ బెంచ్:
ఏఎం5లో డీడీఆర్5 తప్ప వేరే ర్యామ్ పట్టదు. ఆయన 16 జీబీ మూలన పడుతుంది.

అసలు నేనెందుకు ఇంతగా చెబుతున్నానో వినండి. పోయినేడు ఒక కస్టమర్ బీ350 బోర్డుకు బయోస్ ఎక్కిస్తున్నాను. 70 శాతం దగ్గర కరెంట్ పోయింది. యూపీఎస్ బీప్ అని ఒక్క అరుపు అరిచి ఆరిపోయింది. బోర్డు మళ్లీ లేవలేదు. బోర్డు బూట్ కాకున్నా బయోస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ దానికి లేదు. నా జేబులోంచి సెకండ్ హ్యాండ్ బోర్డు కొనిచ్చాను. అయినా చెడగొట్టినవాడినని ఊళ్లో మాట పడ్డాను.

పాత సాకెట్:
మీ యూపీఎస్ బ్యాటరీ పోతే అది సాకెట్ తప్పా? నేను ఇలాంటివి ఆరు చేశాను. ఆరూ నడుస్తున్నాయి.

సర్వీస్ బెంచ్:
ఎవరివి ఆ ఆరూ? మీవి, మీ చుట్టాలవి. పోతే సర్దుకుంటారు. నా బెంచ్ మీద పోతే నేను కట్టాలి. "ఏం కాదు, వేసేయండి" అని ఇక్కడ రాసేవాళ్లు ఆ రోజు నా షాపుకు వచ్చి నిలబడతారా?

పాత సాకెట్:
షాపుల మాట వినే మా నాన్న పీఎఫ్ డబ్బు పోయింది. నా చదువు కోసం కొన్న సిస్టమ్‌కు ప్రాసెసర్ మార్చమంటే, ఈ బోర్డు ఇక పనికిరాదని చెప్పి మొత్తం కొత్తది అంటగట్టారు. ఆరు నెలల తర్వాత ఆ పాత బోర్డుకు నేనే బయోస్ ఎక్కించాను. ఇరవై నిమిషాల పని. అది ఇప్పటికీ మా చెల్లి దగ్గర నడుస్తోంది. పనికిరాదు అని ఎవరన్నా నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

సర్వీస్ బెంచ్:
ఆ షాపువాళ్లు చేసింది తప్పే. కానీ ఇరవై నిమిషాల పనికి ఎవరూ కూలి ఇవ్వరు, పాడైతే మాత్రం బోర్డు ధర అడుగుతారు. అందుకే చాలామంది మొత్తం మార్చమంటారు. నేనూ కొన్నిసార్లు అన్నాను.

తెనాలి గారూ, మీరు 5600కే వెళితే నాలుగు మాటలు. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్, రివిజన్ నంబర్ పెట్టి సీపీయూ సపోర్ట్ లిస్ట్ చూడండి. పాత 1600 ఉండగానే బయోస్ ఎక్కించండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ లాక్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, ప్రాసెసర్ మారాక అడుగుతుంది. కూలర్ తీసే ముందు సిస్టమ్‌ను కాసేపు నడిపి వేడెక్కనివ్వండి. ఆపేసి ప్లగ్ తీశాక, కూలర్‌ను అటూ ఇటూ తిప్పి నెమ్మదిగా లేపండి. ఏళ్ల నాటి పేస్ట్ ఎండి బంకలా పట్టుకుంటుంది. నేరుగా లాగితే ప్రాసెసర్ కూలర్‌కు అంటుకుని సాకెట్‌లోంచి ఊడొస్తుంది. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి కదా, వంగిపోతాయి.

పాత సాకెట్:
ఇది మొదటి పోస్ట్‌లోనే రాసి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

తెనాలి ఫొటోస్:
అందరికీ థాంక్స్. లిస్ట్ చూశాను, నా బోర్డుకు 5600 ఉంది. కానీ ఎడిటింగ్ టేబుల్ గారు అడిగిన ఫార్మాట్ కూడా చూశాను. పెద్ద కెమెరా ఫైళ్లు హెచ్‌ఈవీసీ 4:2:2 10 బిట్. రెండో కెమెరావి రంగుల సమాచారం తక్కువుండే 4:2:0.

పాత సాకెట్:
పెద్దది కూడా 4:2:0లో పెట్టి తీయండి. 5600 చాలు.

ఎడిటింగ్ టేబుల్:
ఇప్పటికే తీసిన పెళ్లిళ్ల మాటేమిటి?

తెనాలి ఫొటోస్:
ఐదు పెండింగ్‌లో ఉన్నాయి. ఐదూ 4:2:2యే.