సమస్యాపూరణం: ‘ఆరె గ్రుచ్చిన గాయాన నమృత మొలికె’

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో. నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీవి.

ఆరె గ్రుచ్చిన గాయాన నమృత మొలికె

ఆరె అంటే చెప్పులు కుట్టేవారు తోలుకు తూటు పొడిచే పనిముట్టు. సంస్కృతంలో ఆరా. సంస్కృత నిఘంటువు అమరకోశం శూద్రవర్గంలో ‘ఆరా చర్మప్రభేదికా’ అని దాని పని కూడా చెప్పేసింది. ఆరె అనే చెట్టు కూడా ఉంది. కానీ చెట్టును తెచ్చి సమస్యను తప్పించుకోవద్దని మనవి.

వేణుపక్షం:
నా ప్రయత్నం.

వెదురు బొంగది మూగయై వెలసె వనిని
కాల్చి తొలిచిన రంధ్రాలఁ గాలి యూది
పాట నేర్పఁగ నొక్కఁడు పల్లవించె
ఆరె గ్రుచ్చిన గాయాన నమృత మొలికె

యతిపోలీసు:
వె-వె, కా-గా, పా-ప. యతులన్నీ, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో యతిస్థానంలోని అక్షరంతో మైత్రి, సరిపోయాయి. ‘పల్లవించె’లో చిగురూ ఉంది, పాట పల్లవీ ఉంది. బాగుంది. ‘రంధ్రాల’ను ‘రంధ్రముల’ చేయాలని ఎవరైనా అంటారేమో! సమస్యలోనే ‘గాయాన’ ఉంది కాబట్టి ఆ పేచీ వద్దు.

నిఘంటుపురుగు:
పద్యం వినసొంపుగా ఉంది కానీ పనిముట్టు తప్పు. ఎండు వెదురులో ఆరె దించితే బొంగు నిలువునా చీలుతుంది. అందుకే వేణువుకు కాల్చిన ఇనుప చువ్వతో రంధ్రాలు వేస్తారు. మీరే ‘కాల్చి తొలిచిన’ అన్నారు కదా, మళ్లీ ఆరె ఎందుకొచ్చింది? తొలవడం బరమా పని, అది తిరుగుతూ దిగుతుంది. ఆరె ఒక్క పోటుతో దిగి బయటికొస్తుంది.

వేణుపక్షం:
కవిత్వంలో అంత వడ్రంగం చూస్తారా అండీ?

నిఘంటుపురుగు:
సమస్యలో పనిముట్టు పేరే ఇచ్చినప్పుడు చూడాలి మరి. నా పూరణ ఇది. ఈ మాట పుట్టిల్లు వెతుక్కుంటూ వెళ్తే దొరికింది.

పూష దేవుని నడిగిరి పూర్వ మునులు
లోభి హృదయము గ్రుచ్చుమా లోఁతుగాను
దాతయై నవ్వి పిసినారి దాన మొసఁగె
ఆరె గ్రుచ్చిన గాయాన నమృత మొలికె

ఇది నా కల్పన కాదు. ఋగ్వేదం 6వ మండలం 53వ సూక్తంలో ఋషి పూషదేవుణ్ణి అడిగేది ఇదే. పణుల గుండెలను ఆరాతో గుచ్చు, ఇవ్వనివాడి మనసు కూడా మెత్తబడేలా చెయ్యి అని. పణులంటే చేతికి ఎముక ఉన్నవాళ్లు. 8వ మంత్రంలో ఆ ఆరాకు ‘బ్రహ్మచోదనీ’ అని విశేషణం వేశారు. బ్రహ్మం అంటే అక్కడ మంత్రవాక్కు, స్తుతి. దాన్ని కదిలించేది అని. తోలు పనిముట్టుకు ఇంతకంటే పెద్ద బిరుదు నేనెక్కడా చూడలేదు.

యతిపోలీసు:
పూషుడు పశువుల దేవుడు కదా. అది ఆరె కాదేమో, ములుకోల, అంటే పశువులను తోలే ముల్లుకర్ర, అయ్యుండొచ్చు. కొందరు అలాగే అర్థం చెప్పారు.

నిఘంటుపురుగు:
చెప్పారు, నిజమే. కానీ వెంటనే 9వ మంత్రంలో పశువులను తోలే కర్రను ‘అష్ట్రా’ అని వేరే పేరుతో పిలిచారు. రెండూ ఒకటే అయితే పక్కపక్కనే రెండు పేర్లెందుకు? పైగా ఇంగ్లీషులో ఈ పనిముట్టును ‘ఆల్’ అంటారు, పాత జర్మన్‌లో ‘ఆలా’. ఈ మాటలను ఆరాతో కలిపి చూస్తారు భాషాశాస్త్రజ్ఞులు. వాటి అర్థం కూడా గుచ్చే పనిముట్టే, తోలే కర్ర కాదు. ములుకోల వైపు వెళ్లే మాటలు ‘తుద్’ ధాతువు నుంచి వచ్చాయి: తోత్రం, తోదనం. సూక్తంలో ‘ఆరాతో తుద’ అని ఆ ధాతువును క్రియగా వాడారు, అంతే.

నిర్వాహకుడు:
వ్యుత్పత్తికి పూర్తి మార్కులు. పద్యానికి అన్ని వేయలేను. మొదటి రెండు పాదాల్లో ఉన్న బిగి మూడో పాదంలో లేదు. ‘దాతయై’ అన్నాక ‘దాన మొసఁగె’ పునరుక్తే. అదీకాక, కింద ఈ వివరణ లేకపోతే పూషుడి చేతిలో ఆరె ఎందుకుందో పాఠకుడికి తెలియదు.

కొత్తకలం:
మొదటిసారి రాస్తున్నాను. కొంచెం టెన్షన్‌గా ఉంది, పెద్దలు మన్నించాలి.

తోలు ముక్కకు తూటుతో తోడు దొరికె
దార మొక్కటి వచ్చెను జంట కలిపె
నడచు పాదాలు ముల్లన్న నవ్వుకొనియె
ఆరె గ్రుచ్చిన గాయాన నమృత మొలికె

యతిపోలీసు:
రెండో పాదంలో యతి తప్పింది. ‘దా’కు ‘జం’తో మైత్రి లేదు. ‘దార మొక్కటి వచ్చెను దరికిఁ జేర’ అంటే సరిపోతుంది.

కొత్తకలం:
సవరించుకున్నాను, ధన్యవాదాలు అండీ.

నిఘంటుపురుగు:
ఇందులో మాత్రం పనిముట్టు తన పని తాను చేసింది. రంపె తోలును కోస్తుంది, ఆరె తూటు పొడిచి తప్పుకుంటుంది. సూదిలాగా, దబ్బనంలాగా దారాన్ని వెంటబెట్టుకుని పోదు, దారం తర్వాత వస్తుంది. మీ రెండో పాదం చెప్పింది సరిగ్గా అదే. తెలిసి రాశారా?

కొత్తకలం:
చూసి రాశానండీ.

వేణుపక్షం:
‘ముల్లన్న నవ్వుకొనియె’ దగ్గర నేను ఓడిపోయాను. ముల్లులాంటి దానితోనే చెప్పు కుట్టి, ముల్లును లెక్కచేయకుండా నడవడం! నా వెదురు ఇక మౌనంగా ఉంటుంది.

యతిపోలీసు:
కానీ ‘అమృతం’ ఎక్కడ ఒలికింది? వేణువులో పాట ఉంది, పూషుడి కథలో దానం ఉంది. ఇక్కడ పాదాలకు హాయి తప్ప ఒలికేదేమీ లేదు.

నిర్వాహకుడు:
ఆ లోటు ఉంది. ఒలకడానికి ఏదో ఒక ద్రవం ఉండాలి, కనీసం ధ్వనిలో, అంటే సూచనగానైనా. అయినా ఈ వారం ఉత్తమ పూరణ కొత్తకలం గారిదే, యతి సవరించిన పాఠంతో. సమస్యలో ‘గాయం’ అనే మాట పెట్టిందే చిక్కు కోసం. మిగతా ఇద్దరూ గాయాన్ని గాయంగానే ఉంచి దానికి ఫలం చూపించారు. ఈయన ఒక్కరే తూటును తోడు దొరికే చోటు చేశారు.

వచ్చే వారానికి, మళ్లీ తేటగీతే:

సూది బెజ్జాన నేనుఁగు సొచ్చిపోయె

నిఘంటుపురుగు గారూ, ఈసారి సూక్తం సంఖ్య లేకుండా పద్యం ఒక్కటే పంపండి.