పాత బోటు ఇంజను పూర్తి వేగంలో ఆగిపోతోంది: బాగు చేయించాలా, మార్చాలా?

యానాం దగ్గర గౌతమి గోదావరిలో తిప్పే మా ఇంటి పాత ఫైబర్ బోటుకు 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజను ఉంది. వెంటనే స్టార్టవుతుంది, నెమ్మదిగా ఎంతసేపైనా నడుస్తుంది. పూర్తి వేగంలో మాత్రం పది నిమిషాలకే ఊపిరాడనట్టు ఆగిపోతుంది. పెట్రోలు గొట్టం మీది రబ్బరు బల్బు (చేత్తో పెట్రోలును ఇంజనుకు నెట్టే బుడ్డి) పిసికితే మళ్లీ అందుకుంటుంది.

ప్లగ్గులు, ఫిల్టరు, గొట్టం కొత్తవి వేశాం. కార్బొరేటర్ శుభ్రం చేయించాం. ట్యాంకు మూత మీది గాలి మర తెరిచే ఉంచుతున్నాం. ఇంజనును చల్లబరిచే నీటి ధార బాగానే వస్తోంది.

మెకానిక్ 40 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ కొనమంటున్నాడు. అది దాదాపు రెట్టింపు బరువు! ఇంజను బిగించే వెనక చెక్క ఇప్పటికే నీరు పీల్చి, తడితే బొదబొదమంటోంది. ముందు దాన్ని మార్చాలి, ఖర్చు అక్కడితో ఆగదు.

కొత్త ఇంజను మాట ఎత్తేముందు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం (పెట్రోలును తోడే పంపులోని పలుచని పొర) పాడైందో, పెట్రోలు వచ్చే దారిలో ఇంకెక్కడైనా గాలి పీలుస్తోందో కచ్చితంగా ఎలా తేల్చుకోవాలి?