అప్‌డేట్: కన్సోల్ లేకుండానే కొత్త కెర్నల్‌కి మారాను

నేను బెంగళూరులో, ఉబుంటు సర్వర్ చెన్నై డేటా సెంటర్‌లో. చేతిలో ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) తప్ప ఏమీ లేదు, సర్వర్ తెరా కీబోర్డూ (కన్సోల్) అందుబాటులో లేవు. కొత్త కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం) బూట్ కాకపోతే పాతదానికి ఎలా తిరిగి రావాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పని అయింది, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

గ్రబ్ (మెషీన్ ఆన్ కాగానే ఏ కెర్నల్‌ని లోడ్ చేయాలో చూసే ప్రోగ్రామ్) సెట్టింగుల్లో డిఫాల్ట్‌ని ‘సేవ్డ్’ అని మార్చి, కెర్నల్ పారామీటర్లలో ‘పానిక్=10’ చేర్చి, అప్‌డేట్-గ్రబ్ నడిపాను. ఆ పానిక్ మాట మర్చిపోకండి. అది లేకపోతే కెర్నల్ పానిక్ అయినప్పుడు (అంటే కోలుకోలేని లోపంతో ఆగిపోయినప్పుడు) మెషీన్ అలాగే నిలబడిపోతుంది, ఉంటే 10 సెకన్లకు తనే రీబూట్ అవుతుంది. తర్వాత గ్రబ్-సెట్-డిఫాల్ట్‌తో పాత కెర్నల్‌ని శాశ్వతంగా పెట్టి, గ్రబ్-రీబూట్‌తో కొత్తదాన్ని ఒక్క బూట్‌కి మాత్రమే ఎంచుకున్నాను. అది విఫలమై రీబూట్ అయితే పాతదే వస్తుంది. పాత కెర్నల్ గ్రబ్ మెనూలోని సబ్‌మెనూలో ఉంటుంది కాబట్టి ఒక్క అంకె చాలదు, ‘1>2’ అని రాయాలి. మొదటి అంకె మెయిన్ మెనూలో సబ్‌మెనూ స్థానం, రెండోది ఆ సబ్‌మెనూలో కెర్నల్ స్థానం; లెక్క సున్నా నుంచి మొదలు.

ఒకరు అడిగారు: ‘పానిక్ కాకుండా నెట్‌వర్క్ మాత్రమే రాకపోతే?’ మంచి ప్రశ్న. అందుకే బూట్ అయిన 15 నిమిషాలకు రీబూట్ అయ్యేలా క్రాన్‌లో (పనుల్ని వాటంతట అవే నడిపే షెడ్యూలర్) పెట్టాను. లాగిన్ కాగానే ‘షట్‌డౌన్ -సి’తో ఆపేశాను. పింగ్‌కి (సర్వర్ పలుకుతోందా అని చూసే పరీక్ష) జవాబు వచ్చేదాకా టెన్షనే అనుకోండి!

బూట్ ఫైళ్లు ఎల్‌వీఎం (డిస్క్ స్థలాన్ని వర్చువల్ భాగాలుగా పంచే ఏర్పాటు) మీద ఉన్నవాళ్లు జాగ్రత్త. అక్కడ గ్రబ్ ఈ ఎంపికల్ని దాచుకునే తన ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో బూట్ సమయంలో రాయలేకపోతుంది, అందుకని ‘ఒక్కసారికే’ అన్న ఎంపిక చెరిగిపోక ప్రతిసారీ కొత్త కెర్నలే వస్తుంది. నాది మామూలు ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) పార్టిషన్ కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఇప్పుడు కొత్త కెర్నల్‌నే డిఫాల్ట్ చేసి, ఆ క్రాన్ లైన్ తీసేశాను.