రోడ్ హిల్ హౌస్ హత్య కేసు: మనకే నచ్చని మనిషిని మెయిన్ క్యారెక్టర్‌గా పెట్టి కథ నడపొచ్చా?

ప్రశ్న:

అందరికీ నమస్తే. 1860లో ఇంగ్లండ్‌లో నిజంగా జరిగిన రోడ్ హిల్ హౌస్ హత్య మీద ఓ పెద్ద కథ రాస్తున్నానండి, సగం దాకా వచ్చి ఆగిపోయా. కేసు తెలియనివాళ్ళ కోసం గబగబా చెప్తా. విల్ట్‌షైర్, సోమర్‌సెట్ సరిహద్దులో రోడ్ అనే పల్లెటూరు, అక్కడో పెద్ద బంగ్లా, అందులో ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ శామ్యూల్ కెంట్ కుటుంబం. జూన్ 29 రాత్రి తలుపులన్నీ వేసుకుని పడుకున్నారు, తెల్లారేసరికి నాలుగేళ్ళు కూడా నిండని కొడుకు సావిల్ మంచంలో లేడు, డ్రాయింగ్ రూమ్ కిటికీ తీసుంది. వెతగ్గా వెతగ్గా పెరట్లో పనివాళ్ళ మరుగుదొడ్డిలో దొరికాడు, గొంతు కోసేసి ఉంది, పక్కన దుప్పటి. బయటివాళ్ళు వచ్చిన ఆనవాలే లేదు, అంటే ఇంట్లోవాళ్ళే.

ఇక నా ఇబ్బంది. కథ శామ్యూల్ వైపు నుంచి మొదలుపెట్టా, కానీ ఆ మనిషి నాకు ఒక్క పేజీలో కూడా నచ్చట్లేదు. మొదటి భార్యకి మతిస్థిమితం లేదని పక్కన పెట్టేసి పిల్లలకి చదువు చెప్పడానికి వచ్చిన పంతులమ్మ చేతికి ఇల్లు అప్పగించాడు, 1852లో భార్య పోయింది, మరుసటి ఏడు ఆ పంతులమ్మనే చేసుకున్నాడు. మొదటామె పిల్లలు పై అంతస్తులో పనివాళ్ళ గదుల పక్కన, రెండో ఆవిడ పిల్లలు కింద అంతస్తులో అమ్మానాన్నల దగ్గర. చదువుతుంటేనే కడుపులో దేవినట్టు ఉంది. ఇలాంటి వాడితో చివరిదాకా పాఠకుణ్ణి కూర్చోబెట్టగలనా, లేక డిటెక్టివ్ వైపుకి మార్చేసెయ్యనా?

జవాబు, పాతకాగితం:

మార్చొద్దండి ప్లీజ్. మీరు వదిలేసిన సీన్ ఒకటుంది, అదే మీ కథకి ఆయువుపట్టు. పిల్లాడి శవం దొరికిన రోజు రాత్రి ఇంట్లో ఎవరైనా సాక్ష్యాలు మాయం చేస్తారేమో చూడమని ఇద్దరు పోలీసుల్ని కాపలా పెడితే, శామ్యూల్ వాళ్ళని వంటింట్లో కూర్చోబెట్టి, రొట్టె, చీజ్, బీరు ఇచ్చి, బయట నుంచి గడియ పెట్టేశాడు! వాళ్ళు గంటల తరబడి ఆ గదిలోనే ఉండిపోయారు. అదే రోజు అదే వంటింటి పొయ్యి గూట్లో పోలీసులకి రక్తం మరకలున్న ఆడవాళ్ళ లోపలి చొక్కా ఒకటి దొరికింది, తీసుకోవడానికి ఎవరొస్తారో చూద్దామని మళ్ళీ అక్కడే పెట్టారు, అది మాయమైపోయింది, సిగ్గుపడి పోలీసులు నెలల పాటు ఆ సంగతి బయటికి చెప్పలేదు.

ఇప్పుడు ఆ గడియ వేసిన చెయ్యి గురించి ఆలోచించండి. ఆయన ఎవర్ని కాపాడుతున్నాడు? కూతుర్నా, భార్యనా, పరువునా? ఇంటి గుట్టు లంకకు చేటు అని మనవాళ్ళు ఊరికే అనలేదు కదా. ఆయన మంచివాడు కానక్కర్లేదు, ఆ గడియ దగ్గర ఆయన మనసులో ఏం తిరుగుతోందో చూపిస్తే చాలు, నేనైతే వదలకుండా చదువుతా.

జవాబు, చాకలిపద్దు:

నా పేరు చూస్తేనే తెలిసిపోతుంది కదా ఈ కేసు నాకెంత ఇష్టమో. ఈ కేసు తేల్చమని లండన్ నుంచి పంపిన డిటెక్టివ్ జాక్ విచర్ తోటమాలి కొడుకు, 1842లో స్కాట్లాండ్ యార్డ్, అంటే లండన్ పోలీసులు, డిటెక్టివ్ శాఖ పెట్టినప్పుడు ఉన్న మొదటి ఎనిమిది మందిలో ఒకడు. ఆయన పట్టుకున్న క్లూ ఏంటంటే చాకలి పద్దు. మొదటి భార్య కూతురు కాన్‌స్టాన్స్, 16 ఏళ్ళ పిల్ల, ఆ అమ్మాయికి ఉన్నవి మూడు నైట్‌గౌన్లు, పద్దులో లెక్క సరిపోయింది కానీ చాకలామె దగ్గరికి చేరేసరికి ఒకటి తక్కువ. హత్య తర్వాతి సోమవారం పనిమనిషి బట్టలు లెక్కపెట్టి బుట్టలో వేస్తుంటే కాన్‌స్టాన్స్ వచ్చి నా పర్సు ఉందేమో చూడు అంది, తర్వాత మంచినీళ్ళు తెమ్మంది, ఆ నీళ్ళకి వెళ్ళొచ్చే నిమిషంలో ఉతకడానికి వేసిన, రక్తం మరక లేని గౌను వెనక్కి తీసేసుకుందని విచర్ లెక్క. అప్పుడు పోయిన గౌను చాకలామె మీదకి పోతుంది, రక్తం పడ్డ అసలు గౌను గురించి ఎవరూ అడగరు.

ఎంత సన్నటి ఆలోచనో చూడండి! కానీ దొరల ఇంటి ఆడపిల్ల లోపలి బట్టల గురించి కూలోడి కొడుకు బహిరంగంగా మాట్లాడతాడా అని పేపర్లు ఆయన మీద పడ్డాయి, ఆయన అరెస్టు చేసిన ఆ అమ్మాయిని వారం తిరిగేసరికి వదిలేశారు, విచర్ పరువు పోయింది. 1864లో ఉద్యోగం వదిలేశాడు, ఆ మరుసటి ఏడే కాన్‌స్టాన్స్ లండన్ వచ్చి నేనే చంపానని ఒప్పుకుంది. ఆ ఒక్క ఏడాది తేడా తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

జవాబు, రెండోమాట:

ఒక జాగ్రత్త చెప్తా, కోపం తెచ్చుకోకండి. శామ్యూల్ మీకు నచ్చలేదు కాబట్టి తెలియకుండానే ఆయన్ని హంతకుడి వైపుకి తోసేస్తున్నట్టున్నారు. 1860లో ఊరూ అదే చేసింది, చేపల ఏరు దగ్గరికి రానివ్వడని, గర్వమని ఆయనంటే ముందే పడదు, ఇదివరకు పంతులమ్మతో అలా జరిగింది కాబట్టి ఇప్పుడు ఆయాతో ఉండుంటాడు, పిల్లాడు చూసేశాడు, చంపేశారు అని కథ అల్లేశారు. ఆ అల్లిన కథ వల్ల ఎలిజబెత్ గఫ్ అనే ఆ ఆయాని రెండుసార్లు అరెస్టు చేసి రెండుసార్లూ వదిలేశారు, రుజువు లేదు.

అలాగని ఒప్పుకోలుతో అంతా తేలిపోయిందని కూడా అనను. నాన్న గడ్డం గీసుకునే కత్తితో చేశానంది కాన్‌స్టాన్స్, కానీ ఛాతీ మీద గాయం అలాంటి కత్తితో పడదని చూసిన డాక్టరు అన్నాడు. తోడబుట్టిన తమ్ముడు విలియం మీద విచర్‌కి ముందే అనుమానం. 1856లో ఈ ఇద్దరే ఇల్లు వదిలి బాత్ దాకా పారిపోయారు, ఆ అమ్మాయి జుట్టు కత్తిరించుకుని తమ్ముడి బట్టలేసుకుంది, కత్తిరించిన జుట్టు పడేసింది ఎక్కడనుకున్నారు, పిల్లాడు దొరికిన అదే మరుగుదొడ్డిలో. తమ్ముణ్ణి కాపాడటానికే మొత్తం తన మీద వేసుకుందని నాకు గట్టి నమ్మకం. ఉరిశిక్ష యావజ్జీవం అయ్యింది, 20 ఏళ్ళు జైల్లో ఉండి 1885లో బయటికొచ్చింది, తర్వాత తమ్ముడున్న ఆస్ట్రేలియాకే వెళ్ళిపోయింది, పేరు మార్చుకుని నర్సుగా పనిచేసి 1944లో 100 ఏళ్ళ వయసులో పోయింది.

ప్రశ్న అడిగినవారు:

రెండోమాట గారూ, కోపం ఏం లేదండి, మీరన్నది నిజమే, నా మూడో అధ్యాయంలో ఆయాతో సంబంధం ఉన్నట్టు నేనే రాసేశా, ఎక్కడా రుజువు లేని మాట. రాత్రి కూర్చుని అది మొత్తం కొట్టేశాను. శామ్యూల్‌నే ఉంచుతున్నా, ఆయన్ని బాగు చెయ్యను, అలాగని దోషినీ చెయ్యను. కొత్త మొదలు వంటింటి తలుపు దగ్గర పెట్టా: లోపల ఇద్దరు పోలీసులు రొట్టె తింటున్నారు, బయట ఆయన గడియ మీద చెయ్యి పెట్టి పై అంతస్తు మెట్ల వైపు చూస్తున్నాడు. చాకలిపద్దు గారూ, ఆ సోమవారం బుట్ట సీన్ ఆయన చూడలేడు కదా, పనిమనిషి నోటితో ఆయనకి చెప్పిస్తే అతుకుతుందంటారా?